తొమ్మిదంగుళాల గోడ

ముందే చెప్పేస్తున్నాను, ఉన్నదాన్ని ఉన్నంతగా చెప్పడం నాకు చేతకాదు. చిన్నప్పుడు మా ఊళ్ళో నన్ను కరిచింది ఒక కుక్కపిల్ల. నా పెళ్ళినాటికి అది తోడేలైంది. ఆఫీసులో ప్రమోషన్ వచ్చేనాటికి చిరుతపులైంది. ఇప్పుడు యాభై దాటాను, రిటైరయ్యేలోగా దాన్ని ఇంకేం చెయ్యాలా అని ఆలోచిస్తున్నాను. నా ఈ జబ్బుకి మా ఆవిడ ఒక లెక్క కనిపెట్టింది. ఇంటికి ఎవరైనా కొత్తవాళ్ళొస్తే మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చి, "మా ఆయన ఏం జెప్పినా నాలుగుతోటి భాగించుకోండ్రి" అని చెప్పి తన పనిమీద తను వెళ్ళిపోతుంది. ఎల్బీనగర్‌లో మా కాలనీ మొత్తం ఈ లెక్క నేర్చేసుకుంది. కిరాణా కొట్టతను కూడా నేను ఐదు కిలోల కందిపప్పు అడిగితే "కిలోంబావు కట్టాల్నా సార్?" అంటాడు.

కాబట్టి మీరూ భాగించుకుంటూ చదవండి, నాకేం అభ్యంతరం లేదు. పెంచి చెప్పడం వేరు, కల్పించి చెప్పడం వేరు. ఇందులో పూర్తిగా కల్పించింది ఏదో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

ఇదంతా ఒక నూనె మరక వల్ల గుర్తొచ్చింది.

మా పై పోర్షన్ ఖాళీ అయి కొన్నాళ్ళయింది. మళ్ళీ కిరాయికి ఇచ్చేముందు రంగులు వేయిద్దామని పెయింటర్ని పిలిచాం. పైన హాలుకీ వెనక గదికీ మధ్య ఒక ఇరుకు పాసేజ్ ఉంది. ఒక మనిషి నడుస్తుంటే ఇంకో మనిషి గోడకి అతుక్కోవాలి. అక్కడ, నేలమీద కూర్చున్నవాళ్ళ తల ఆనేంత ఎత్తులో, గోడమీద గుండ్రంగా ఒక మరక. కొబ్బరినూనె రాసుకున్న తల రోజూ ఒకేచోట ఆనితే పడే మరక. పెయింటర్ ఒక కోటు కొట్టాడు. మరక పైకి తేలింది. రెండో కోటు కొట్టాడు. మళ్ళీ తేలింది. గీకాడు, పుట్టీ పెట్టాడు, ప్రైమర్ వేశాడు, వాళ్ళ ఉస్తాద్‌కి ఫోన్ చేశాడు. ఏడో కోటుకి గోడ లావెక్కింది గానీ మరక మాత్రం పున్నమి చంద్రుడిలా అక్కడే ఉంది.

"గిదేం మరక సార్? ఇన్నేండ్ల సంది రంగులేస్తున్న, గిట్ల మొండికేసింది జూడలే" అని బ్రష్ కింద పడేశాడు.

అది ఎవరి మరకో నాకు తెలుసు.

ఆ అమ్మాయి పేరు చెప్పను. మేమెవరమూ పేరుతో పిలిచిందీ లేదు. వాళ్ళమ్మా నాన్నా "అమ్మలూ" అనేవాళ్ళు, వీధిలో అందరికీ "పై పోర్షన్ అమ్మాయి." వాళ్ళది బాపట్ల వైపు. తండ్రి చాలా ఏళ్ళు సూడాన్‌లో, ఖార్టూమ్ నగరంలో ఒక సబ్బుల ఫ్యాక్టరీలో అకౌంటెంటుగా చేశాడు. ఆ పిల్ల అక్కడే పెరిగింది. ఆమె తొమ్మిదో తరగతిలో ఉండగా ఊరి మధ్యలోనే యుద్ధం మొదలైంది. కొన్నాళ్ళు ఫ్లాట్‌లోనే ఇరుక్కుపోయి, ఎలాగో బస్సెక్కి, ఓడెక్కి, విమానమెక్కి ముగ్గురూ ప్రాణాలతో వచ్చిపడ్డారు. తండ్రికి నాగోల్‌లో ఒక టైల్స్ షోరూములో పని దొరికింది. అమ్మాయి ఇంటర్‌లో చేరే ఏడు మా ఇల్లు చూడ్డానికి వచ్చారు.

తల్లి వంటగది చూసింది. తండ్రి నల్లా ఎప్పుడొస్తుందని అడిగాడు. ఆ పిల్ల మాత్రం గదిగదికీ తిరిగి గోడల్ని అరచేత్తో తట్టింది, పుచ్చకాయ కొనేవాళ్ళు తట్టినట్టు. పాసేజ్‌లో ఆగింది.

"అంకుల్, ఇది ఎన్నంగుళాల గోడ?"

కిరాయికి వచ్చినవాళ్ళు నన్ను ఎన్నో అడిగారు. బండి ఎక్కడ పెట్టుకోవాలని, చేపలు వండుకోవచ్చా అని, చుట్టాలొస్తే ఏమైనా అంటారా అని. గోడ మందం అడిగిన మహానుభావులు మాత్రం అంతవరకూ లేరు. నా ఒళ్ళు పొంగిపోయింది.

"తొమ్మిదంగుళాలు బిడ్డా! గోల్కొండ కోట కట్టంగ మిగిలిన గోడ దెచ్చి ఈడ నిలబెట్టిన్రు. ఫిరంగి వెట్టి కొట్టినా గింత సున్నం రాలదు."

అందరూ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. నా మొహంలోకి సూటిగా చూసి "నిజంగానా?" అంది. మా ఆవిడ "నాలుగుతోటి" అని మొదలుపెట్టేలోపే తల్లివైపు తిరిగి "ఈ ఇల్లు తీసుకుందామమ్మా" అంది.

చేరిన రోజే పాసేజ్‌లో చాప పరిచింది. తలమీద ట్యూబ్‌లైటు, ఒళ్ళో అట్ట, ముందు పుస్తకాలు, వెనక గోడ. వెనక గదిలో వాళ్ళ నాన్న కిటికీ పక్కన మంచి టేబులూ కుర్చీ వేయించాడు. ఆ కిటికీలోంచి మా జామచెట్టు, దానిమీద వాలే రామచిలకలు కనిపిస్తాయి. (ఒక రామచిలక. అది కూడా దారితప్పి వచ్చింది.) ఆ కుర్చీలో ఆమె ఒక్కసారైనా కూర్చోగా నేను చూడలేదు.

మరి మా వీధి ఎలాంటిదో చెప్పాలి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి మీదుగా మా దాకా గాలి కూడా ఎంట్రెన్స్ పరీక్షకి తయారవుతూ వీస్తుంది. ఇక్కడ కొబ్బరిబొండాలమ్మే అతను కూడా కాయ చేతికిస్తూ "ఏ గ్రూపు?" అని అడుగుతాడు. అలాంటి వీధిలో, కిటికీ వైపు చూడని, ఫోన్ ముట్టని, పిలిస్తే తప్ప పలకని పిల్ల ఒకతె పాసేజ్‌లో గోడకి ఆనుకుని చదువుతోందన్న కబురు ఒక్క పూటలో పాకింది.

మొదట చూసింది ఎదురింటావిడ. గుంటూరు వైపు మనిషి, కొడుకుని డాక్టర్ని చెయ్యడమే ఆమె ఉద్యోగం. పైకి వెళ్ళి వచ్చి మా ఆవిడతో, "వదినా, కాన్‌సన్‌ట్రేషన్ అంటే అదమ్మా! నేను పక్కనించి వెళ్తే తలెత్తలేదు. మావాడు కిటికీ దగ్గర కూర్చుని పావురాల్ని లెక్కపెడుతుంటాడు, వెధవ" అంది.

ఆ పిల్ల ఇంట్లో కూడా బూట్లు విప్పేది కాదు. "చూశారా, కాలేజీకి ఆలస్యం కాకుండా ముందే వేసుకుని కూర్చుంటుంది" అన్నారు. గుమ్మం పక్కన ఎప్పుడూ ఒక బ్యాగు సర్ది ఉండేది, అందులో సర్టిఫికెట్లు, బిస్కెట్లు, నీళ్ళ సీసా, చార్జర్. "ఎంత పద్ధతైన పిల్ల!" నల్లా వచ్చిందంటే ఇంట్లో ఉన్న బిందె, బకెట్, సీసా, చివరికి ఉప్మా గిన్నె దాకా నింపేసేది. నీళ్ళకి కటకటలాడే మా కాలనీలో దానికంటే గొప్ప గుణం ఏముంది? మా ఆవిడంతటిది, "గా పిల్లను జూసి నేర్చుకో" అని నాకే చెప్పింది. నిద్రపోదట అంటే "కష్టపడుతోంది" అన్నారు. నవ్వదట అంటే "సీరియస్‌నెస్" అన్నారు. ఆ పిల్లకి ఎక్కడెక్కడ దెబ్బ తగిలిందో అక్కడక్కడ మా వీధి ఒక్కో మార్కు వేసుకుంటూ పోయింది.

నెల తిరిగేసరికి ఎదురింటబ్బాయి టేబులు వాళ్ళ పాసేజ్‌లోకి మారింది. తర్వాత పక్కింటి కవలలు. ఆ తర్వాత వీధంతా. పాసేజ్ లేనివాళ్ళు బీరువా జరిపి పాసేజ్ చేసుకున్నారు. ఇంటికొచ్చిన చుట్టాలు బాత్రూముకి వెళ్ళాలంటే రసాయనశాస్త్రం దాటి, జంతుశాస్త్రం దాటి వెళ్ళాల్సి వచ్చేది. కర్మన్‌ఘాట్ వైపు ఒక బిల్డరు తన కొత్త అపార్ట్‌మెంటు కరపత్రంలో "రెండు బెడ్రూములు, ఒక స్టడీ పాసేజ్" అని వేశాడు. ఒక వాస్తు పండితుడు సరస్వతీదేవి ఉండేదే ఇరుకు సందుల్లో అని తేల్చాడు. భాగించుకోండి, భాగించుకోండి.

నా బాధ వేరు. నేనేమో నవ్వించడం తప్ప వేరే విద్య రానివాణ్ణి. వారపత్రికల్లో నా హాస్యం చదివి నవ్వి ఆస్పత్రిపాలైనవాళ్ళున్నారు. (ఒకాయన. ఆయనకి ముందే ఆస్తమా ఉంది.) అలాంటిది, నా ఇంటి పైకప్పు మీద కూర్చుని ఒక పదహారేళ్ళ పిల్ల నవ్వకపోవడమా! ప్రతి ఆదివారం ట్యాంకు చూసే వంకతో పైకి వెళ్ళి, పాసేజ్ మొదట్లో స్టూలు వేసుకుని ఒక కోత కోసేవాణ్ణి.

ఒకసారి చిరుతపులి కథ చెప్పాను. నేను మొలలోతు గడ్డిలో, పులి నా ఎదుట, దాని మీసం నా ముక్కుకి తగులుతోంది. ఎవరైనా ఇక్కడ పడీ పడీ నవ్వుతారు. ఆ పిల్ల చాలాసేపు ఆలోచించి, "మీ ఇంటికి ఎన్ని తలుపులుండేవి అంకుల్?" అంది.

"రెండు. ముందొకటి, వెనకొకటి."

"వెనక తలుపు ఎటు వెళ్తుంది?"

"పెరట్లకు. ఆణ్ణుంచి వాగు."

"వాగులో నీళ్ళుండేవా?"

ఇంకో ఆదివారం హనుమాన్ జయంతికి కర్మన్‌ఘాట్ గుడి దగ్గర లక్షలాది జనంలో నేను తప్పిపోతే ఊరేగింపు ఆపి నన్ను వెతికిన కథ చెప్పాను. ఆ పిల్ల, "ఆ గుంపులోంచి బయటికి ఎటు దారి ఉంటుంది?" అని అడిగింది. నేను ఏ కథ చెప్పినా ఆమెకి కావలసినవి మూడే: తలుపులెన్ని, నీళ్ళున్నాయా, పక్కింటివాళ్ళు కూడా వచ్చేశారా. నేను జవాబు చెప్తే తల ఊపేది. నా కథల్ని నాలుగుతో భాగించకుండా విన్న మనిషి ఈ భూమ్మీద ఆమె ఒక్కతే. అంత శ్రద్ధగా వినేవాళ్ళు దొరికితే రచయితకి పండగలా ఉండాలి. నేను మాత్రం కిందికి దిగి వచ్చి మా ఇంటి తలుపులు లెక్కపెట్టుకునేవాణ్ణి.

ఈ ఖ్యాతి దిల్‌సుఖ్‌నగర్ దాకా పాకి, ఒక పేరుమోసిన కోచింగ్ సంస్థ తాలూకు పీఆర్వో టై కట్టుకుని వచ్చాడు. ఇంటింటికీ తిరిగి పిల్లల్ని చేర్పించడం అతని పని. పాసేజ్‌లో ఆ పిల్లని చూసి, గుళ్ళో విగ్రహాన్ని చూసినట్టు చెప్పులు బయట విడిచి వచ్చాడు. "సార్, ఇలాంటి మెటీరియల్ ఇంట్లో ఉంచకూడదు సార్. మా హాస్టల్లో పెట్టండి. ఫీజులో సగం తీసేస్తాం. ర్యాంకు మేం చూసుకుంటాం" అన్నాడు తండ్రితో. ఉన్నదంతా అక్కడే వదిలేసి వచ్చిన మనిషి ఆయన. కూతురి విషయంలోనైనా దేవుడు లెక్క సరిచేస్తున్నాడనుకున్నాడో ఏమో, కళ్ళు మెరిశాయి. మర్నాడే చైతన్యపురిలో ఆ హాస్టల్ చూపించడానికి తీసుకెళ్ళాడు.

వాళ్ళు తిరిగొచ్చిన మధ్యాహ్నం నేను వరండాలో పేపరు అడ్డం పెట్టుకుని కునుకు తీస్తున్నాను. ఎవరో మెట్లు దిగిన చప్పుడైంది. ఆ పిల్ల తనంతట తను కిందికి రావడం అదే మొదలు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. వరండా మూలకి వెళ్ళి, గోడకి వీపు ఆనించి నిలబడింది.

"స్టడీ హాల్ పైన ఐదో అంతస్తులో ఉంది అంకుల్. మూడువైపులా అద్దాలే. పక్కనించే మెట్రో వెళ్తుంది. మంచం కూడా కిటికీ కిందే."

"మంచిదే గదా బిడ్డా, గాలొస్తది" అన్నాను నేను, పరమ మూర్ఖుణ్ణి.

"మీరు మా నాన్నతో మాట్లాడాలి."

"ఏమని?"

ఆమె బూటు ముందుభాగంతో నేలని గీస్తూ చెప్పింది. "అక్కడ మా ఫ్లాట్‌లో కిటికీ దగ్గర కూర్చుని హోంవర్క్ చేసుకునేదాన్ని. ఒకరోజు మంచినీళ్ళు తాగుదామని వంటింట్లోకి వెళ్ళాను. శబ్దం వచ్చింది. తిరిగొచ్చి చూస్తే నా కుర్చీ నిండా గాజుముక్కలు. అంతే."

నేను మిగతాది చెప్తుందేమోనని చూశాను.

"అంతే అంకుల్. చూశారా, నేను చెప్తే ఇంతే అవుతుంది. ఎవరికి చెప్పినా, ఏమీ కాలేదు కదా తల్లీ, అంటారు. నిజమే, ఏమీ కాలేదు. కింద ఫ్లాట్‌లో నా ఫ్రెండ్ వాళ్ళు అక్కడే ఉండిపోయారు, వాళ్ళతో పోలిస్తే నాకేం కాలేదు. కానీ నాకు ఇప్పటికీ ఆ కుర్చీలో నేనే ఉన్నట్టు ఉంటుంది. అది చెప్పడం నాకు రావట్లేదు. మీరైతే ఏదైనా పెద్దది చేసి చెప్తారు కదా. నాది కూడా కొంచెం పెద్దది చేసి మా నాన్నకి చెప్తారా?"

నా జీవితంలో నా అతిశయోక్తిని పని ఇచ్చి పిలిచిన మనిషి ఆ పిల్ల ఒక్కతే. చెప్తానన్నాను. ఆమె వెళ్ళాక తలుపు చాటునుంచి మా ఆవిడ బయటికి వచ్చింది, అంతా విన్నట్టుంది. నా ముందున్న చల్లారిన టీ తీసుకెళ్ళి వేడి చేసి తెచ్చింది.

మరుసటి ఆదివారం పొద్దున పైకి వెళ్ళాను. తండ్రి హాల్లో కూర్చుని హాస్టల్ సామాన్లు ఏమేం కొనాలో వంటింట్లో ఉన్న భార్యతో మాట్లాడుతున్నాడు. పాసేజ్‌లో ఆ పిల్ల పుస్తకం ముందు పెట్టుకుని ఉంది గానీ పేజీ తిరగడం లేదు. నేను గొంతు సవరించుకున్నాను. నా ముప్పై ఏళ్ళ అనుభవమంతా కూడగట్టుకుని మొదలుపెట్టాను. ఆకాశం బద్దలైందన్నాను. నగరం మొత్తం గాజై కురిసిందన్నాను. ఒక్కొక్క పెంకు అరిటాకంత ఉందన్నాను. కుర్చీ కాళ్ళు విరిగి...

ఆయన మొదట చిరునవ్వు నవ్వాడు. తర్వాత పగలబడి నవ్వాడు. "అబ్బబ్బ, మీరు భలే చెప్తారండీ బాబూ! అక్కడున్నది మేమూ, ఇంత జరిగిందని మాకే తెలీదు! ఏమేవ్, విన్నావా? అరిటాకంత పెంకులంట!"

నేను కంగారుపడి ఇంకా పెంచాను. పెంచినకొద్దీ ఆయన నవ్వు పెరిగింది. నాకు చేతనైంది అదొక్కటే, అదేమో పనిచెయ్యడం లేదు. ఓరకంట పాసేజ్ వైపు చూశాను. ఆ పిల్ల నావైపే చూస్తోంది. తర్వాత తల తిప్పుకుని నెమ్మదిగా గోడకి ఆనించింది, మరక ఉన్నచోట.

అప్పుడే మా ఆవిడ వచ్చింది. వాళ్ళు పంపిన గిన్నె తిరిగిచ్చే మిషతో వచ్చినట్టుంది, చేతిలో గిన్నె ఉంది.

"నువ్వు జర ఊకో" అంది నాతో. తర్వాత ఆయనవైపు తిరిగింది. "అన్నా, మా ఆయన చెప్పేటివి నేను నాలుగుతోటి భాగిస్త. నువ్వు గూడ గట్లనే భాగిస్తున్నవు, నాకెర్కే. గీ ఒక్కటి భాగించకు. ఆకాశం లేదు, అరిటాకు లేదు. నీ బిడ్డ కూసునే కుర్చీల గాజు పెంకులు వడ్డయి. గంతే. గా పిల్లను దీస్కపోయి మళ్ల కిటికి కింద పండవెడ్తవా?"

ఆయన నవ్వు ముఖంమీద కొంచెంసేపు అలాగే ఉండిపోయింది, ఎక్కడికి వెళ్ళాలో తెలియనట్టు.

"తెలుసమ్మా" అన్నాడు. "ఆ కుర్చీ దులిపింది నేనే."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"దులిపేసి, గాలికి అద్దం పగిలిందని అమ్మలుతో చెప్పాను. తను నమ్మలేదని తెలుసు. నేను రోజూ బండి ఎందుకు గేటు వైపు తిప్పి పెడతానో మీరెప్పుడైనా అడిగారా? వాళ్ళమ్మ ఎందుకు ఫోన్ దిండు కింద పెట్టుకుని పడుకుంటుందో అడిగారా? అమ్మలు సంగతి తెలుసని ఒప్పుకుంటే మేమిద్దరం కూడా వెళ్ళి ఆ పాసేజ్‌లో కూర్చోవాలండీ. రేపు షోరూముకి ఎవరెళ్తారు?"

ఆయన లేచి పాసేజ్ దాకా వెళ్ళాడు. ఇద్దరు పట్టే చోటు కాదది. చివర నిలబడి, "నీళ్ళు కావాలా అమ్మలూ?" అన్నాడు.

"ఉన్నాయి నాన్నా" అంది ఆ పిల్ల. సీసా ఎత్తి చూపించింది.

పీఆర్వో మళ్ళీ వచ్చినప్పుడు తండ్రి "మా అమ్మాయి ఇంట్లోనే ఉంటుందండీ" అన్నాడు. అతను వదిలితేనా! "పాసేజ్ లాంటి రూమే ఇస్తాం సార్, కిటికీ మూసేసి ప్లైవుడ్ కొట్టిద్దాం" అన్నాడు. మా ఆవిడ వెళ్ళి గేటు తీసి పట్టుకుంది.

కొత్తపేటలో ఇలాంటి మనోవ్యథలు చూసే లేడీ డాక్టరు ఉందని మా ఆవిడే ఎక్కడో కనుక్కుంది. వారం వారం తల్లీ కూతుళ్ళని తనే వెంటబెట్టుకుని తీసుకెళ్ళేది. ఆ డాక్టరు దగ్గర ఆ పిల్ల ఏం చెప్పిందో నాకు తెలియదు, నాకు చెప్పలేదు. డాక్టరుకైతే పెద్దది చేసి చెప్పాల్సిన పని ఉండదనుకుంటాను.

కానీ ఏ డాక్టరు దగ్గరికి వెళ్తున్నారో వీధికి తెలిసింది. అంతే, వేసిన మార్కులన్నీ వెనక్కి తీసేసుకున్నారు. ఎదురింటావిడ ఆ సాయంత్రమే కొడుకు టేబుల్ని పాసేజ్‌లోంచి లాగి మళ్ళీ కిటికీ దగ్గర పడేసింది, అదేదో అంటుకునే జబ్బయినట్టు. "చూడ్డానికి ఎంత బాగుండేదో పాపం, ఏదో ఉందట వదినా" అంది గొంతు తగ్గించి. మునుపు ఆ పిల్లని చూపించడానికి పిల్లల్ని చెయ్యిపట్టుకుని పైకి లాక్కొచ్చినవాళ్ళు ఇప్పుడు మెట్ల దగ్గర ఆడుకోవద్దని లాక్కుపోయారు. వీధిలో పాసేజ్‌లన్నీ ఖాళీ అయిపోయాయి. మనుషులు వచ్చి చూసిపోతున్నప్పుడూ ఆ పిల్ల ఒంటరిదే, మానేశాక కూడా ఒంటరిదే. తేడా మాకు తెలిసింది గానీ ఆమెకి తెలిసిందో లేదో.

ఆదివారాలు నేను వెళ్తూనే ఉన్నాను. ఒకసారి చూస్తే చాప కాస్త హాలు వైపు జరిగినట్టు అనిపించింది. మా ఆవిడతో "గజం ముందుకొచ్చింది!" అన్నాను. మా ఆవిడ వెళ్ళి చూసొచ్చి "జానెడు" అంది. తర్వాత ఎప్పుడో బూట్లు గుమ్మం పక్కన కనిపించాయి. బూట్లలో కాళ్ళు లేవు. ఆ రోజు నేను కథేమీ చెప్పకుండానే దిగి వచ్చేశాను.

ఇంటర్ అయిపోయాక తండ్రికి విజయవాడలో కాస్త మెరుగైన పని దొరికింది. సామాను ఎక్కువేం లేదు, డీసీఎం వ్యాను సగం కూడా నిండలేదు. తల్లి మా ఆవిడని పట్టుకుని ఏడ్చింది. తండ్రి నా చెయ్యి పట్టుకుని "మీ కథలు లేకపోతే ఎలాగండీ" అన్నాడు మర్యాదకి. ఆ పిల్ల చివరిసారి ఇల్లంతా చూసొస్తానని పైకి వెళ్ళింది. ఎంతకీ దిగకపోతే నేను వెళ్ళాను. పాసేజ్‌లో నిలబడి, గోడమీద అరచెయ్యి పెట్టి ఉంది.

"అంకుల్, ఇది నిజంగా తొమ్మిదంగుళాలేనా?"

"బయటి గోడలు తొమ్మిది బిడ్డా. ఇది నడిమి గోడ. నాలుగున్నర."

"నాకు తెలుసు" అంది. "వచ్చిన వారంలోనే తలుపు ఫ్రేము దగ్గర స్కేలు పెట్టి కొలిచాను."

"మరి ఎర్కయి కూడ ఈణ్ణే ఎందుకు కూసున్నవ్?"

"మీరు తొమ్మిదని చెప్పారు కదా. అక్కడ ఎవర్ని అడిగినా, ఏమో తెలీదు, అనేవాళ్ళు. ఎవరో ఒకరు ఏమీ కాదని గట్టిగా చెప్తే బాగుంటుంది అంకుల్. కొలత తర్వాత చూసుకోవచ్చు."

కింద డీసీఎం హారన్ కొట్టింది. ఆమె మెట్లు దిగిపోయింది. బండి పెద్ద అంబర్‌పేట్ దాటి విజయవాడ రోడ్డెక్కినట్టు వాళ్ళ నాన్న ఫోన్ చేశాడు. ఆ తర్వాత పండక్కి ఒక మెసేజ్, ఇంకో పండక్కి ఏమీ లేదు. ఇప్పుడు ఆ నంబరు వేరెవరో ఎత్తుతున్నారు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ర్యాంకుల హోర్డింగులు పడ్డప్పుడల్లా స్కూటరు పక్కకి ఆపి చూస్తాను. తపాలాబిళ్ళంత ఫొటోలు, వందల కొద్దీ పిల్లలు, అందరూ ఒకేలా నవ్వుతూ ఉంటారు. నవ్వని మొహం కోసం వెతుకుతాను. విజయవాడ వెళ్ళిన పిల్ల ఇక్కడి బోర్డుమీద ఎందుకుంటుందని మా ఆవిడ అంటుంది. నిజమే. అయినా ఆపుతాను.

సరే, మాట ఇచ్చాను కాబట్టి ఒప్పుకుంటాను.

పెంచినవి చాలా ఉన్నాయి. పాసేజ్‌లోకి మారింది వీధంతా కాదు, రెండిళ్ళ పిల్లలు. బిల్డరు కరపత్రం, వాస్తు పండితుడు, అవి మీరే తీసేసి ఉంటారు. గోడ తట్టడం, బూట్లు, స్కేలు, జానెడు, ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టే. కుర్చీలో గాజుముక్కల దగ్గర మాత్రం దయచేసి భాగించకండి.

పూర్తిగా కల్పించింది ఒకటే. ఆ మరక పోలేదన్నది.

పోయింది. మొదటి కోటుకే పోయింది. పెయింటర్ దాన్ని చూడను కూడా చూడలేదు. ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ రోలరు ఒకసారి పైకీ ఒకసారి కిందికీ అన్నాడు, అంతే. నేను టీ గ్లాసు పట్టుకుని ఆరేదాకా అక్కడే నిలబడ్డాను, మళ్ళీ తేలుతుందేమోనని.

తేలలేదు. గోడ ఇప్పుడు తెల్లగా ఉంది. నాలుగున్నర అంగుళాలు.